ఇంట్లో పెద్దాయన ఫొటో తీయడం ఎలా: కుర్చీ వేయడం నుంచి పటం కట్టించేదాకా

"మా నాన్నగారి ఫొటో ఎన్నిసార్లు తీసినా ఆయనలా రావడం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?" నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. వాళ్లు చూపించే ఫొటోలు దాదాపు రెండు రకాలుగా ఉంటాయి. కొన్నింటిలో పెద్దాయన మొహం మైనం బొమ్మలా నున్నగా ఉంటుంది. కొన్నింటిలో ముడతలు తప్ప మనిషి కనిపించడు. చాలాసార్లు కెమెరా మంచిదే అయి ఉంటుంది. ఆయనను కూర్చోబెట్టిన చోటు, వెలుగు పడిన వైపు, తీసినవాళ్ల తొందర ఫొటోను పాడుచేస్తాయి.

మా తాతయ్యకు ఒక్క మంచి ఫొటో కూడా లేదు. గోడ మీద ఉన్న పటం ఓటరు కార్డు మీది బొమ్మను పెద్దది చేసి కట్టించినది. అందులో ఆయన కళ్లు రెండు నల్లటి చుక్కలు. ఈ పని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. కింద చెప్పినవాటిలో చాలా భాగం మామూలు ఫోనుతో చేయవచ్చు. కెమెరా ఉన్నవారికి అంకెలు విడిగా ఇచ్చాను.

1. ముందు అడగండి, కారణం చెప్పండి

ఫొటో తీస్తానంటే చాలామంది పెద్దవాళ్లకు వచ్చే మొదటి అనుమానం, "ఇప్పుడెందుకు? పటం కట్టించడానికా?" అని. నవ్వుతూ అన్నా ఆ మాటలో కొంత బెంగ ఉంటుంది. దాన్ని విననట్టు దాటేయకండి. పెళ్లి ఆల్బం కోసమైతే ఆ మాట, ఊరికే దగ్గర ఉంచుకోవడానికైతే ఆ మాట, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కొందరు తామే, "నేను పోయాక దండ వేయడానికి పనికొచ్చేలా ఒకటి తీయి" అంటారు. "అలా అనకండి" అని వారి నోరు మూయించవద్దు. అది ఆయన కోరిక. దానికి తగ్గట్టు ఎలా తీయాలో 8వ భాగంలో చెప్పాను.

పరిచయం లేని పెద్దాయనను సంతలోనో, రచ్చబండ దగ్గరో తీయాలనుకుంటే ముందు పక్కన కూర్చుని మాట్లాడండి, తర్వాతే కెమెరా బయటికి తీయండి. దూరం నుంచి పెద్ద లెన్సుతో దొంగచాటుగా తీసిన ముడతల మొహాలను నేను మంచి ఫొటోలుగా ఒప్పుకోను. వద్దంటే అక్కడితో వదిలేయాలి. ఒప్పుకుంటే ప్రింటు తెచ్చి ఇస్తానని చెప్పాలి, చెప్పిన మాట నిలబెట్టుకోవాలి.

మతిమరుపు జబ్బు ఉన్నవారి విషయంలో ఇంట్లోవాళ్లు సరేనంటే చాలదు. ఆయన మొహంలో ఇబ్బంది కనిపించిన క్షణంలో ఆపేయండి.

2. రోజు, వేళ, బట్టలు

స్నానం, టిఫిను, మాత్రలు అయిపోయాక, ఆయన నిద్రవేళకు ముందు తీయాలి. చాలామందికి ఉదయం ఎనిమిది నుంచి పది మధ్య బాగుంటుంది. సాయంత్రమైతే నాలుగు తర్వాత. షుగర్ ఉన్నవారిని ఆకలితో కూర్చోబెట్టడం ప్రమాదం కూడా.

గడ్డం గీయించుకునే అలవాటు ఉంటే ముందు రోజు సాయంత్రం గీయించండి. ఆ ఉదయమే గీస్తే గాట్లు, ఎర్రదనం ఉండిపోతాయి. తలకు నూనె పలచగా రాస్తే చాలు. ఎక్కువైతే నుదురు, మాడు అద్దంలా మెరుస్తాయి. జుట్టుకు రంగు వేయాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. వేసుకునేవారైతే నాలుగైదు రోజుల ముందు వేసుకోమనండి. అప్పుడే వేసిన రంగు ఫొటోలో సిరా పూసినట్టు కనిపిస్తుంది.

బట్టలు ఆయన రోజూ కట్టుకునేవే. పంచె కట్టే మనిషికి ప్యాంటు తొడిగించవద్దు. విభూతి, నామం, టోపీ, తలపాగా, భుజం మీద కండువా, ఏది ఆయన రూపంలో భాగమో అది ఉండాలి. కొత్త చొక్కా కొన్నా ఒకసారి ఉతికి వేయించండి. పెట్టెలోంచి తీసిన చొక్కా మెడ దగ్గర అట్టలా నిలబడుతుంది.

ముందు రోజు చూసుకోవలసినవి:

- కళ్లజోడు అద్దాలు తుడిచారా, ముక్కు దగ్గరి పట్టీలు శుభ్రంగా ఉన్నాయా
- కట్టుడు పళ్లు ఉంటే పెట్టుకుంటారా, వద్దంటారా
- వినికిడి మిషను బ్యాటరీ పనిచేస్తోందా
- చేతిరుమాలు, మంచినీళ్లు, దువ్వెన దగ్గర ఉన్నాయా
- ఫోను లెన్సు తుడిచారా (మసక ఫొటోల్లో సగం ఇక్కడే పుడతాయి)

3. వెలుగు

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి. మిగతావన్నీ సరిగ్గా చేసి ఇక్కడ తప్పితే ఫలితం ఉండదు.

ముందుగా ఒక చిన్న పరీక్ష చేయండి. పిడికిలి బిగించి కిటికీ ఎదుట పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. వెలుగు ఎదురుగా పడినప్పుడు వేళ్ల మీది గీతలు తేలిపోతాయి. పక్క నుంచి పడినప్పుడు ప్రతి గీతా కాలువలా లోతుగా కనిపిస్తుంది. పెద్దాయన మొహం మీద జరిగేదీ అదే. వయసు కనిపించాలి, కానీ వయసు తప్ప ఇంకేమీ కనిపించకపోవడం అన్యాయం. అందుకని ఎదురుకూ పక్కకూ మధ్యలో, సుమారు 45 డిగ్రీల కోణంలో వెలుగు పడేలా కూర్చోబెట్టండి.

ఎండ నేరుగా పడని కిటికీ లేదా గుమ్మం ఎంచుకోండి. ఉత్తరం వైపుది దొరికితే పగలంతా వెలుగు దాదాపు ఒకేలా ఉంటుంది. కిటికీకి ఒక మీటరు నుంచి ఒకటిన్నర మీటర్ల దూరంలో కుర్చీ వేయండి. గదిలో ట్యూబులైటు, బల్బులు ఆర్పేయండి. పగటి వెలుగులో బల్బు వెలుగు కలిస్తే ఒక చెంప నీలంగా, ఒక చెంప పసుపుగా వస్తుంది.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి రెండు గుర్తులున్నాయి. రెండు కళ్లలోనూ కిటికీ చిన్న తెల్లటి మెరుపుగా కనిపించాలి. వెలుగుకు అవతల ఉన్న చెంప మీద, కంటి కింద, కొంత వెలుగు పడాలి. కళ్లలో మెరుపు లేకపోతే ఆయనను కిటికీ వైపు కొద్దిగా తిప్పండి.

ఇంటిని బట్టి చోటు మారుతుంది:

- పెంకుటిల్లు అరుగు, వసారా: ఇంతకన్నా మంచి చోటు దొరకదు. పైన కప్పు ఉంటుంది, ముందు తెరిచిన ఆకాశం ఉంటుంది. అరుగు అంచుకు రెండడుగులు లోపల, వీధి వైపు చూస్తూ కూర్చోబెట్టండి.
- మండువా ఇల్లు: మండువా మధ్యలో వద్దు. నెత్తి మీది నుంచి వెలుగు పడి కళ్లు గుంటల్లోకి పోతాయి. పక్క వసారాలో, మండువా వైపు మొహం పెట్టి కూర్చోబెట్టండి.
- అపార్టుమెంటు: బాల్కనీ తలుపు తెరిచి, ఆయనను లోపల గదిలో కూర్చోబెట్టండి. బాల్కనీలోనే నిలబెట్టి వెనక ఆకాశం వచ్చేలా తీస్తే మొహం నల్లబడుతుంది.
- పొలం గట్టు: చెట్టు నీడ మంచిదే. ఆకుల మధ్య నుంచి పడే ఎండ చుక్కలు మాత్రం మొహం మీద ఉండకూడదు.

నీడ వైపు మరీ చీకటిగా ఉంటే తెల్లటి థర్మాకోల్ పలకనో, తెల్ల దుప్పటినో ఆ వైపు మూడడుగుల దూరంలో పట్టించండి. వెలుగు మరీ చప్పగా ఉండి మొహానికి ఆకారం రాకపోతే అదే చోట నల్ల దుప్పటి పట్టండి, గొంగళి అయినా సరే. చెంపకు లోతు వస్తుంది.

గోడల రంగు కూడా చూసుకోండి. మన ఊళ్లలో చాలా ఇళ్లకు ముదురు నీలం, పచ్చ రంగులు వేస్తారు. ఆ గోడకు ఆనించి కూర్చోబెడితే చెంప మీదికి ఆ రంగు ఎక్కుతుంది. గోడకు కనీసం రెండు మీటర్ల దూరం ఉంచండి. తెల్లజుట్టు ఉన్నవారికి వెనక కొంచెం ముదురు రంగు ఉంటే తల ఆకారం తేటగా కనిపిస్తుంది. తెల్లగోడ ముందు తెల్లజుట్టు కలిసిపోతుంది.

4. కుర్చీ, కూర్చునే తీరు

ప్లాస్టిక్ కుర్చీ, సోఫా, నులకమంచం మూడూ వద్దు. అవి మనిషిని లోపలికి లాగేసుకుంటాయి. భుజాలు కుంగి మెడ మాయమవుతుంది. గట్టి సీటు, నిటారు వీపు ఉన్న చెక్క కుర్చీ కావాలి. మోకాళ్లు నొప్పిగా ఉంటే సీటు మీద మడిచిన దుప్పటి వేసి ఎత్తు పెంచండి. లేవడం తేలికవుతుంది.

ఆయనను కుర్చీ ముందు భాగంలో కూర్చోమనండి. ఒళ్లు కిటికీ నుంచి కొంచెం పక్కకు, మొహం కిటికీ వైపు ఉండాలి. దీనివల్ల తెల్ల చొక్కా మీద వెలుగు తగ్గి, మొహం మీద నిలుస్తుంది. ఈ ఒక్క మలుపుకు ఎంత విలువ ఉందో తర్వాతి భాగంలో తెలుస్తుంది.

గొంతు కింద వేలాడే చర్మం గురించి చాలామంది బాధపడతారు. "గడ్డం పైకెత్తండి" అంటే అది ఇంకా సాగి కనిపిస్తుంది. "నుదురు కొంచెం నా వైపు తీసుకురండి" అనండి. దవడ గీత దానంతట అదే తేలుతుంది. కెమెరాను ఆయన కళ్ల ఎత్తులో గాని, రెండు మూడు వేళ్లు పైన గాని పెట్టండి. మీరు నిలబడి, ఆయన కూర్చుని ఉంటే కోణం చెడుతుంది. మీరూ స్టూలు మీద కూర్చోండి.

చేతులు దాచకండి. నాగలి పట్టిన చేయి, మగ్గం మీద ఆడిన చేయి, బల్ల మీద లెక్కలు రాసిన చేయి ఒకదానిలా ఒకటి ఉండవు. చేతికర్ర మీద గాని, మోకాలి మీద గాని ఆనించనివ్వండి. చేతులు మొహం కన్నా బాగా ముందుకు వస్తే పెద్దవిగా కనిపిస్తాయి. వాటిని ఒంటికి దగ్గరగా ఉంచండి.

5. ఫోను, కెమెరా అమరికలు

ఫోనుతో అయితే:

- 2 రెట్ల లేదా 3 రెట్ల లెన్సు ఎంచుకుని, ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దూరంలో ఉండండి. మామూలు లెన్సుతో దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి.
- మొహాన్ని నున్నగా చేసే బ్యూటీ అమరికలన్నీ ఆపేయండి.
- వెనక భాగాన్ని మసకబరిచే పోర్ట్రెయిట్ మోడ్ నమ్మదగింది కాదు. మీసం కొనలు, తలపాగా అంచు, కళ్లజోడు కాడలు అందులో తెగిపోతుంటాయి.
- తెర మీద ఆయన కంటిపై వేలు కొంతసేపు నొక్కి పట్టండి, ఫోకస్ నిలుస్తుంది. వెలుగు మీటను కొంచెం కిందికి జరపండి.

కెమెరాతో అయితే 85 మి.మీ. లెన్సు, చిన్న సెన్సరు కెమెరాకు 50 మి.మీ. సరిపోతుంది. అపెర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం; అంకె తగ్గితే రంధ్రం పెద్దదవుతుంది) ఎఫ్ 4 నుంచి ఎఫ్ 5.6 మధ్య ఉంచండి. ఎఫ్ 1.8 పెడితే ఒక కన్ను తేటగా, రెండో కన్ను మసకగా వస్తుంది. షట్టరు తెరిచి ఉండే సమయం 1/200 సెకను. చేతులో తలో వణికే జబ్బు ఉంటే 1/500కు పెంచండి. దానికోసం ఐఎస్‌వో (వెలుగును పట్టే సున్నితత్వం) 1600 దాకా వెళ్లినా పరవాలేదు. ఫొటోలో కనిపించే కొద్దిపాటి రవ్వ (చుక్కల గరుకుదనం) కన్నా కదిలిన కన్ను పెద్ద లోపం. ఫోకస్ ఎప్పుడూ మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉండాలి. ఫైళ్లు రా (RAW, కెమెరా దిద్దకుండా ఉంచే) ఫార్మాట్‌లో తీయండి.

ఇక మన దగ్గర అందరినీ ఇబ్బంది పెట్టే విషయం: చామనఛాయ లేదా నల్లని మొహం, మల్లెపువ్వు లాంటి తెల్ల చొక్కా. మొహానికి సరిపడా వెలుగు పెంచితే చొక్కా మడతలు లేని తెల్లటి మచ్చ అవుతుంది. చొక్కాను కాపాడితే మొహం చీకటవుతుంది. వరుసగా ఇలా చేయండి. మొదట, 4వ భాగంలో చెప్పిన ఒంటి మలుపు. తర్వాత నీడ వైపు థర్మాకోల్. ఆ తర్వాత చొక్కాలో మడతలు కనిపించేంత వరకే వెలుగు పెంచండి, అక్కడ ఆపండి. మిగిలిన తేడాను రా ఫైలులో దిద్దుకోవచ్చు. మొహాన్ని దాని అసలు రంగు కన్నా తెల్లగా చేయాలని మాత్రం ప్రయత్నించకండి.

నీలిమందు పెట్టిన పంచె నీడలో ఇంకా నీలంగా వస్తుంది. దాన్ని చూసి రంగు సర్దితే మొహం పసుపెక్కుతుంది. తెల్ల కాగితం ఆయన చెంప దగ్గర పెట్టి ఒక ఫొటో తీసుకుని, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే అమరిక) దాన్ని బట్టి సర్దండి.

6. కళ్లు, కళ్లజోడు, తలపాగా, వినికిడి

ఎప్పుడూ కళ్లజోడు పెట్టుకునే మనిషికి అది తీసేయించవద్దు. ముక్కు మీద గుంటలు కనిపిస్తాయి, చూపు చెదురుతుంది, ఇంట్లోవాళ్లు కూడా వెంటనే గుర్తుపట్టలేని మొహం వస్తుంది. అద్దాల్లో కిటికీ మెరుస్తుంటే కాడలను చెవుల మీద కొద్దిగా పైకి లేపండి. అద్దాలు కిందికి వంగి మెరుపు పోతుంది. అయినా పోకపోతే మొహాన్ని కొంచెం తిప్పండి. ఎండలో నల్లబడే అద్దాలైతే తీయడానికి పది నిమిషాల ముందే ఆయనను నీడలోకి తీసుకురండి. సోడాబుడ్డి అద్దాలైతే మొహం ఎదురుగా ఉండాలి. పక్కకు తిరిగితే చెంప గీత అద్దంలో విరిగినట్టు కనిపిస్తుంది.

శుక్లం ఆపరేషన్ అయిన కంట్లో అమర్చిన కటకం కొన్ని కోణాల్లో గాజులా తళుక్కుమంటుంది. ఫ్లాష్ వాడితే ఇది ఎక్కువ. ఫ్లాష్ మానేయండి, తల అంగుళం తిప్పించండి. నల్లగుడ్డు చుట్టూ వయసుతో వచ్చే బూడిద రంగు వలయం లోపం కాదు, దాన్ని అలాగే ఉంచండి.

కంటిరెప్పలు వాలిపోతుంటే, "కళ్లు మూసుకోండి, నేను మూడు లెక్కపెడతాను, అప్పుడు తెరవండి" అనండి. తెరిచిన మొదటి రెండు సెకన్లలో చూపు తేటగా ఉంటుంది. కళ్లలో నీరు కారితే రుమాలు ఇచ్చి ఆగండి.

తలపాగా ఆయనే చుట్టుకోవాలి. ఇంకొకరు చుడితే అది వేషంలా ఉంటుంది. కళ్ల మీద నీడ పడుతుంటే దాన్ని ఒక వేలు వెనక్కి జరపమనండి. తాకి సర్దవలసి వస్తే ముందు అడగండి.

వినికిడి తక్కువైతే బాగా వినిపించే చెవి వైపు మీరు కూర్చోండి. ఒకసారికి ఒక్క మాటే చెప్పండి. మాటల కన్నా మీరు చేసి చూపించడం మేలు. ఇంట్లోవాళ్లు నలుగురు చుట్టూ చేరి, "అటు చూడు, ఇటు చూడు, నవ్వు" అని తలో మాటా అనడం ఆపండి. ఒక్కరే మాట్లాడాలి.

7. తీసే ఇరవై నిమిషాలు

అంతకన్నా ఎక్కువసేపు కూర్చోబెట్టవద్దు. ఆయన వచ్చేసరికి కుర్చీ, వెలుగు, కెమెరా అన్నీ సిద్ధంగా ఉండాలి. అదే ఎత్తున్న ఇంకొకరిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి ముందే సరిచూసుకోండి.

మొదటి ఐదు నిమిషాలు: ఊరికే మాట్లాడుతూ పది ఫొటోలు తీయండి. ఇవి పనికిరాకపోవచ్చు. షట్టరు చప్పుడు ఆయనకు అలవాటు కావడానికి ఇవి. ఒకటి తెర మీద చూపించండి.

తర్వాతి పది నిమిషాలు: "నవ్వండి" అనే మాట వాడకండి. పళ్లు లేనివారు ఆ మాటతో పెదాలు బిగించేస్తారు. ఆయన చేతిపని గురించి అడగండి. మొదటి జీతం ఎంత, మొదటి సైకిలు ఎక్కడ కొన్నారు, కొన్న ఎడ్ల జతల్లో ఏది మంచిది. జవాబు చెప్తున్నప్పుడు నోరు కదులుతుంది కాబట్టి అప్పుడు తీయకండి. చెప్పడం ముగించి, ఆ జ్ఞాపకంలోనే ఒక్క క్షణం ఆగుతారు. అప్పుడు తీయండి. నేను ఉంచుకున్న మంచి ఫొటోల్లో ఎక్కువ భాగం అలాంటి విరామంలో వచ్చినవే.

చివరి ఐదు నిమిషాలు: ఆయన ఎలా కావాలంటే అలా. కొందరు నిటారుగా, గంభీరంగా, మీసం సర్దుకుని కూర్చుంటారు. వారి కాలంలో ఫొటో అంటే అదే. "మామూలుగా ఉండండి" అని దాన్ని చెరపవద్దు. తర్వాత భార్య ఉంటే పక్కన కూర్చోబెట్టి రెండు తీయండి.

8. దండ వేసే పటం కోసం అడిగితే

చూపు నేరుగా కెమెరాలోకి ఉండాలి. వెనక ఒకే రంగు. తల పైన, భుజాల పక్కన మామూలు కన్నా ఎక్కువ ఖాళీ వదలండి. దండ పటం పై మూలల నుంచి వేలాడుతుంది. మొహం పటం నిండా ఉంటే పూలు చెంపలను కప్పేస్తాయి. ఛాతీ దాకా వచ్చేలా తీయండి.

9. మళ్లీ తీయవలసి వస్తే ఏం మార్చాలి

- మొహం చప్పగా ఉంది: వెలుగు పూర్తిగా ఎదురుగా ఉంది. కుర్చీని కొంచెం పక్కకు తిప్పండి.
- ముడతలే కనిపిస్తున్నాయి: వెలుగు మరీ పక్క నుంచి వస్తోంది. మొహాన్ని కిటికీ వైపు తిప్పండి, నీడ వైపు తెల్ల దుప్పటి పట్టండి.
- బట్టతల మెరుస్తోంది: పలచని కాగితం రుమాలుతో అద్దండి, నెత్తి మీది బల్బు ఆర్పండి.
- ఆయన అలసిపోయినట్టున్నారు: వెలుగు తప్పు కాకపోవచ్చు. ఇంకో రోజు తీయండి.

10. దిద్దడం, ప్రింటు వేయడం

దిద్దేటప్పుడు నేను పాటించే నియమం ఒకటే. వారంలో పోయేదాన్ని తీసేయవచ్చు, పోనిదాన్ని ముట్టుకోకూడదు. గడ్డం గీసిన గాటు, దోమకాటు, చొక్కా మీది దారం తీసేయండి. పుట్టుమచ్చ, పాత దెబ్బ మచ్చ, నుదుటి గీతలు ఉంచండి. మనవరాలు ఆ పుట్టుమచ్చనే ముందు వెతుకుతుంది. గీతలను పదునెక్కించే క్లారిటీ మీట పెద్దాయన మొహం మీద వాడవద్దు. రంగుల్లో బాగాలేని ఫొటో నలుపు తెలుపు చేస్తే బాగుపడుతుందని ఆశపడవద్దు.

8×10 అంగుళాల ప్రింటుకు 2400×3000 పిక్సెళ్లుంటే చాలు. స్టూడియోకు వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపితే అది చిన్నదైపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. మెరుపు లేని మ్యాట్ కాగితం అడగండి. పటం కట్టించేటప్పుడు ఫొటో చుట్టూ అట్ట అంచు పెట్టించండి. అద్దం ఫొటోను తాకకూడదు. తాకితే, తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో కొన్ని వానాకాలాలు గడిచేసరికి ఫొటో అద్దానికి అంటుకుపోవచ్చు. వెనక అట్ట మీద పెన్సిలుతో పేరు, ఊరు, తీసిన తేదీ రాయండి.

పెద్ద ప్రింటు వేయించే ముందు మూడు ఫొటోలు చిన్న సైజులో ప్రింటు తీయించి ఆయన చేతిలో పెట్టండి. మీకు నచ్చినది ఏదో ముందే చెప్పకండి. కళ్లజోడు సర్దుకుని, వెలుగు వైపు తిప్పుకుని, తీరికగా చూడనివ్వండి. ఆయన వేలు పెట్టి చూపించిన ఫొటోనే పెద్దది చేయించండి.